కొలవకుండా క్లోరిన్ పోయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో ఇంటి స్విమ్మింగ్ పూల్ మీద వచ్చిన వ్యాసం చదివాను. టైల్స్ రంగులు, నీళ్లలోపల పెట్టే లైట్లు, గట్టు మీద వేసుకోవాల్సిన మొక్కలు, చివర్లో ఒక చిన్న జలపాతం, అన్నీ ఓపిగ్గా వివరించారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో తేల్చేశారు: "నీళ్లు తేటగా ఉండి, కాస్త క్లోరిన్ వాసన వస్తుంటే పూల్ శుభ్రంగా ఉన్నట్టే." ఇళ్లల్లో పూల్స్ చూసుకోవడమే నా వృత్తి. పని నేర్పింది మా నాన్న. ఆ వాక్యం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. నేను వెళ్లే ఇళ్లల్లో ఇదే మాట ఎప్పటినుంచో వింటున్నాను. కాదని చెప్పీ చెప్పీ కొందరినైనా ఒప్పించగలిగాను. ఇప్పుడు అచ్చులో వచ్చింది కాబట్టి "పేపర్లోనే రాశారు కదయ్యా" అంటారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవైనా పూర్తిగా వేయమని మనవి.

ముందు వాసన సంగతి. శుభ్రమైన పూల్‌లో, సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్లలో, ఆ ఘాటు వాసన దాదాపు ఉండదు. మనం "క్లోరిన్ వాసన" అనుకునేది క్లోరమిన్లది. చెమటలో, మూత్రంలో ఉండే అమ్మోనియా, యూరియాలతో క్లోరిన్ కలిస్తే ఇవి పుడతాయి. కళ్లు ఎర్రబడటం, గొంతులో గరగర, దగ్గు, ఎక్కువగా వీటివల్లే. క్లోరిన్ అప్పటికే మురికితో పోరాడి అయిపోయిందనీ, ఇంకా మురికి మిగిలి ఉందనీ ఆ వాసన చెబుతుంది. మీ వ్యాసం దాన్నే శుభ్రతకు గుర్తుగా చూపించింది.

ఈమధ్య ఒక ఇంట్లో పుట్టినరోజు వేడుక జరిగింది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పిల్లలు నీళ్లలోనే ఉన్నారు. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి, "ఏమయ్యా, క్లోరిన్ ఎక్కువ పోసినట్టున్నావు, పిల్లలందరికీ కళ్లు మండుతున్నాయి, రెండు రోజులు ఏమీ వేయకు" అన్నారు. వెళ్లి, ఆయన ముందే టెస్ట్ చేశాను. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ తగిలితే గులాబీ రంగుకు మారే డీపీడీ అనే మందు మొదటి బిళ్ల వేస్తే నీళ్లలో పనికొచ్చే క్లోరిన్ ఎంత ఉందో తెలుస్తుంది. దీన్ని ఫ్రీ క్లోరిన్ అంటాం. గులాబీ రంగు ఎంత ముదిరితే అంత ఉన్నట్టు. ఆ రోజు రంగు వచ్చీ రానట్టుగా ఉంది. అదే గొట్టంలో మూడో నంబరు బిళ్ల వేశాను. చిక్కటి గులాబీ రంగు వచ్చింది. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే క్లోరమిన్లు. పెద్దాయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "అంటే క్లోరిన్ తక్కువైందా?" అన్నారు. అవును సార్, తక్కువైంది. ఆయన చెప్పినట్టు రెండు రోజులు ఆపి ఉంటే ఆ నీళ్లు మరింత పాడయ్యేవి.

విరుగుడు ఏమిటంటే, క్లోరమిన్లు ఎంత ఉన్నాయో దానికి పది రెట్లు క్లోరిన్ ఒకేసారి వేయాలి. సగం సగం వేస్తే లాభం లేదు, క్లోరమిన్లు విరగవు. సూర్యాస్తమయం తర్వాత వేసి, రాత్రంతా పంపు నడిపి, పైన కవర్ ఉంటే తీసేసి ఉంచాలి, ఆ వాయువులు పైకి పోవాలి కాబట్టి. ఫ్రీ క్లోరిన్ మళ్లీ మామూలు స్థాయికి దిగేదాకా ఎవరినీ దింపకూడదు. అంతకన్నా ముందు చేయాల్సింది, నీళ్లలో దిగేముందు అందరూ ఒక్క నిమిషం షవర్ కింద నిలబడటం. చిన్నపిల్లల్ని గంటకోసారి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం. ఈ రెండూ చేయించిన ఇంట్లో నాకు సగం పని తగ్గుతుంది.

ఇక తేటదనం. కంటికి తేటగా కనిపించే నీళ్లలో క్లోరిన్ సున్నా ఉండొచ్చు. సూక్ష్మజీవులు నీళ్లను మసకబార్చే స్థాయికి చేరాలంటే చాలా రోజులు పడుతుంది. రోగం తెప్పించడానికి అన్ని రోజులు అక్కర్లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) ఫ్రీ క్లోరిన్, 7.5 పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), 25 డిగ్రీల నీళ్లలో ప్రమాదకరమైన ఈ కోలై బాక్టీరియా ఒక్క నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కు సుమారు 16 నిమిషాలు, జియార్డియా అనే పరాన్నజీవికి సుమారు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే ఇంకో పరాన్నజీవి మాత్రం అదే నీళ్లలో పది రోజులకు పైగా బతుకుతుంది. అందువల్ల విరేచనాలు అవుతున్న పిల్లల్ని, ఎంత మారాం చేసినా, నీళ్లలో దింపొద్దు. క్రిప్టో అని తేలితే విరేచనాలు ఆగాక కూడా రెండు వారాలు ఆగాలి. ఇది చెబితే కొందరు తల్లిదండ్రులు నామీద కోప్పడ్డారు. పడనీయండి, చెప్పడం మానను.

సీడీసీ ఇచ్చిన ఆ లెక్కలో 7.5 పీహెచ్ అని ఎందుకు ప్రత్యేకంగా రాశారో గమనించారా? ఇంటి పూల్ విషయంలో ఎక్కువమందికి తెలియనిదీ, నేను అందరికన్నా ఎక్కువ పట్టుబట్టేదీ అదే. క్లోరిన్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ యాసిడ్, క్రిముల్ని చంపేది ఇది. రెండోది హైపోక్లోరైట్, దాని బలం చాలా తక్కువ. పీహెచ్ 7.5 దగ్గర ఇవి ఇంచుమించు సగం సగం ఉంటాయి. 8కి పెరిగితే బలమైన రూపం నాలుగో వంతుకు పడిపోతుంది. 7.2 దగ్గర మూడింట రెండు వంతులు ఉంటుంది. అంటే మీటర్ మీద క్లోరిన్ అంకె ఒకటే ఉన్నా, పీహెచ్‌ను బట్టి దాని పని రెట్టింపూ కావొచ్చు, సగమూ కావొచ్చు. నేను 7.2, 7.6 మధ్య ఉంచుతాను. మరీ దిగితే కళ్లు మండుతాయి, పంపులోని ఇనుమును, హీటర్‌లోని రాగిని నీళ్లు తినేస్తాయి, టైల్స్ మధ్య సిమెంటు వదులవుతుంది.

మీరు ఫొటో వేసిన జలపాతం గురించి ఇక్కడే చెప్పాలి. నీళ్లు పైనుంచి పడి చిమ్ముతున్నప్పుడు వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. జలపాతం పగలంతా నడిపే ఇంట్లో పీహెచ్ దించడానికి యాసిడ్ వాడకం ఎక్కువ. కొత్తగా సిమెంటు పూత వేసిన పూల్‌లో కూడా మొదటి నెలల్లో ఇలాగే పెరుగుతుంది. పెట్టుకోవద్దని కాదు, పెట్టుకుంటే పీహెచ్ ఇంకా తరచుగా చూడాలని ఒక్క మాట రాసి ఉండాల్సింది.

పీహెచ్ నిలకడగా ఉండాలంటే ఆల్కలినిటీ, అంటే పీహెచ్ మార్పును అడ్డుకునే క్షార గుణం, 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉండాలి. తక్కువైతే కొంచెం యాసిడ్‌కే పీహెచ్ దబ్బున పడిపోతుంది, మళ్లీ ఎగురుతుంది. దాన్ని పెంచేది వంటసోడాయే. వాషింగ్ సోడా వేస్తే పీహెచ్ ముందు పెరిగిపోతుంది, కాబట్టి ఏది కావాలో చూసుకుని వేయాలి. కాల్షియం 200 నుంచి 400 పీపీఎం దాకా ఉంటే చాలు, నెలకోసారి చూస్తే సరిపోతుంది.

ఎంత వేయాలి అన్న ప్రశ్నకు చాలా ఇళ్లల్లో సమాధానం "ఒక మగ్గు". ఏ మగ్గు, దేనితో నిండిన మగ్గు, ఎన్ని నీళ్లకు? లెక్క కష్టమేమీ కాదు. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న పూల్ 48 ఘనపు మీటర్లు, అంటే 48,000 లీటర్లు. 1,000 లీటర్లలో 1 గ్రాము కలిస్తే 1 పీపీఎం. ఈ పూల్‌లో క్లోరిన్‌ను 1 పీపీఎం పెంచాలంటే 48 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. డబ్బా మీద 65 శాతం అని ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ అయితే 74 గ్రాములు. ఆల్కలినిటీ 10 పీపీఎం పెంచాలంటే ఇదే పూల్‌కు వంటసోడా సుమారు 800 గ్రాములు. మీ పూల్ లెక్క ఒకసారి కట్టి, పంప్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. నేను వెళ్లే ప్రతి ఇంట్లో మొదట చేసే పని ఇదే. నేను రాని రోజున ఇంకెవరైనా వచ్చినా అంకె గోడ మీద కనిపిస్తుంది.

టెస్ట్ కిట్ కొన్నవాళ్లు కూడా మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. పసుపు రంగు వచ్చే కిట్ మొత్తం క్లోరిన్‌ను మాత్రమే చూపిస్తుంది, క్లోరమిన్లను విడదీయలేదు. పైన చెప్పిన పుట్టినరోజు ఇంట్లో ఆ కిట్ వాడి ఉంటే "క్లోరిన్ బాగానే ఉంది" అనేది. డీపీడీకి ఇంకో చిక్కు: క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగునే తెల్లగా మార్చేస్తుంది. బిళ్ల వేయగానే రంగు మెరిసి మాయమైతే క్లోరిన్ లేదని కాదు, విపరీతంగా ఉందని. అది తెలియక ఇంకా పోసినవాళ్లను చూశాను. అనుమానం వస్తే అదే నీళ్లను క్లోరిన్ లేని మంచినీళ్లతో పలుచన చేసి మళ్లీ చూడాలి. నీళ్లు పట్టేటప్పుడు పైపైన ముంచకుండా, మోచేతి లోతున, నీళ్లు లోపలికి వచ్చే గొట్టానికి దూరంగా పట్టాలి. టెస్ట్ చేసే గాజు గొట్టాన్ని వేలితో మూసి ఊపొద్దు, చేతి చెమట కూడా లెక్క తప్పిస్తుంది. టెస్ట్ మందులకు గడువు తేదీ ఉంటుంది, ఎండలో పెడితే అంతకన్నా ముందే పాడవుతాయి.

ఎండ అంటే గుర్తొచ్చింది. ఆరుబయట ఉన్న పూల్‌లో ఏ రక్షణా లేని క్లోరిన్ మిట్టమధ్యాహ్నం ఎండకు గంటలో సగానికి పైగా పోతుంది. అందుకే సయనూరిక్ యాసిడ్ అనే స్టెబిలైజర్ కలుపుతారు. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మంచిది. అది ఉన్నప్పుడు క్లోరిన్ కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఫ్రీ క్లోరిన్ కనీసం 2 పీపీఎం ఉంచాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, తేలే డబ్బాలో వేసే పెద్ద బిళ్లల్లో, అంటే ట్రైక్లోర్‌లో, ఈ స్టెబిలైజర్ ముందే ఉంటుంది. బిళ్లల నుంచి 10 పీపీఎం క్లోరిన్ వస్తే దానితోపాటు 6 పీపీఎం సయనూరిక్ యాసిడ్ చేరుతుంది. రోజుకు 2 పీపీఎం ఖర్చయ్యే పూల్‌లో రెండు నెలలు బిళ్లలే వాడితే 70 పీపీఎం దాటుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది గానీ ఇది పోదు. ఆవిరి కాదు, ఫిల్టర్‌లో ఆగదు. కొన్ని నీళ్లు తీసేసి కొత్తవి నింపడం ఒక్కటే దారి. "టెస్ట్‌లో క్లోరిన్ 3 చూపిస్తోంది, అయినా పాకుడు పడుతూనే ఉంది, ఏమిటిది?" అని అడిగే ఇళ్లకు వెళ్లి సయనూరిక్ చూస్తే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. నేను బిళ్లలు వాడొద్దని చెప్పను, ఊరికి వెళ్లినప్పుడు అవి చాలా ఉపకారం. నెలల తరబడి వాటి మీదే వదిలేయొద్దు. ఉప్పుతో నడిచే యంత్రం పెట్టుకున్నవాళ్లు "మాది క్లోరిన్ లేని పూల్" అంటుంటారు. ఆ యంత్రం ఉప్పు నుంచి తయారుచేసేది క్లోరిన్‌నే, పైగా దానితో పీహెచ్ పెరుగుతూ ఉంటుంది. టెస్ట్ వాళ్లకూ తప్పదు.

మందులు ఎన్ని వేసినా నీళ్లు కదలకపోతే ఉపయోగం లేదు. పంపు రోజుకు సుమారు 8 గంటలు నడవాలి. కరెంటు ఆదా అని రెండు గంటలకే ఆపేసే ఇళ్లల్లో పాకుడు ఎక్కడ మొదలవుతుందో నాకు ముందే తెలుసు: నిచ్చెన వెనక, మెట్ల మూలల్లో, లైటు చుట్టూ. నీళ్ల కదలిక అందని చోట్లు అవే. వారానికోసారైనా అక్కడ బ్రష్‌తో రుద్ది, ఆ తర్వాతే వాక్యూమ్ పెట్టాలి. పాకుడు గోడకు అంటుకుని ఉండగా క్లోరిన్ దాని పైపొర దగ్గరే ఆగిపోతుంది. పైన తేలే చెత్తను లాగే స్కిమ్మర్ నోటికి సగం దాకా నీళ్లు ఉండేలా చూసుకోండి, తగ్గితే పంపు గాలి పీల్చి కాలిపోతుంది.

శాండ్ ఫిల్టర్ విషయంలో అతిగా శ్రద్ధ తీసుకునేవాళ్లు కూడా నష్టం చేస్తారు. రోజూ బ్యాక్‌వాష్ చేస్తే, అంటే నీళ్లు వెనక్కి పంపి ఇసుకను కడిగితే, నీళ్లు వృథా, పైగా వడపోత తగ్గుతుంది. ఇసుక రేణువుల మధ్య కొంత మడ్డి పేరుకున్నాకే సన్నటి మురికి కూడా ఆగుతుంది. కడిగిన రోజున ప్రెజర్ గేజ్ ఎంత చూపిస్తుందో రాసుకుని, దానికన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగినప్పుడు చేయండి. నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని తిప్పేముందు ప్రతిసారీ పంపు ఆపాలి. బ్యాక్‌వాష్ అయ్యాక ఒక నిమిషం రిన్స్ పెట్టి ఆ నీళ్లు బయటికి వదలకపోతే, లోపల మిగిలిన మురికి నేరుగా పూల్‌లోకే వస్తుంది.

నీళ్లు తగ్గుతున్నాయని కంగారు పడేవాళ్లకు ఒక సులువైన పరీక్ష. బకెట్‌లో పూల్ నీళ్లే నింపి మెట్టు మీద పెట్టి, లోపలా బయటా నీటి మట్టం దగ్గర గీత గీయండి. ఒక రోజు తర్వాత రెండూ ఒకేలా తగ్గితే ఆవిరే, బయట ఎక్కువ తగ్గితే లీకు. లీకు అని తేలగానే పూల్ మొత్తం ఖాళీ చేయకండి. భూగర్భజలం పైకి ఉన్న చోట, ముఖ్యంగా వానాకాలంలో, లోపలి బరువు పోతే కింది నీళ్లు మొత్తం కట్టడాన్ని పైకి నెట్టి పగలగొడతాయి.

అడుగున ఉండే డ్రెయిన్ మూతను కూడా శుభ్రత పనిలో భాగంగానే చూడాలి. మూత విరిగినా, ఊడినా, పంపు లాగే బలానికి పిల్లల జుట్టు, చేయి అక్కడ చిక్కుకుంటాయి. 2002లో అమెరికాలో ఏడేళ్ల పాప స్పా డ్రెయిన్‌కు అతుక్కుపోయి చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో అక్కడ వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం వచ్చింది. మూత కొంచెం కదులుతున్నా సరే, మార్చేదాకా పంపు ఆపి, పిల్లల్ని దింపకండి. ఈ ఒక్క విషయంలో నేను ఇంటివాళ్ల అనుమతి కోసం ఎదురుచూడను, స్విచ్ ఆపేసి తర్వాత చెబుతాను.

చివరిగా మా పనివాళ్ల గురించి. ఒక ఇంట్లో తోటమాలి అడుగున క్లోరిన్ ద్రవం మిగిలి ఉన్న బకెట్‌లో యాసిడ్ పోశాడు. పచ్చటి విషవాయువు వచ్చి ఊపిరాడక ఆస్పత్రిలో చేరాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. యాసిడ్, క్లోరిన్ ఎప్పుడూ కలవకూడదు. ట్రైక్లోర్ బిళ్లలు, హైపోక్లోరైట్ పొడి కూడా ఒకదానితో ఒకటి కలవకూడదు, కలిస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు. రెండూ క్లోరినే కదా అని ఒకే గరిటె వాడతారు. దేనికి దానికి వేరే కొలత పాత్ర ఉండాలి. నీళ్లలోకి మందు పోయాలి గానీ మందు మీద నీళ్లు పోయకూడదు. యాసిడ్ కింది అరలో, క్లోరిన్ దానికి దూరంగా పొడిగా గాలి ఆడే చోట, రెండూ పిల్లలకు అందకుండా తాళంలో ఉండాలి. పనికి వచ్చేవాడికి చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వండి, అడగడానికి మొహమాటపడతాడు. ఈ ఉత్తరం వేస్తే, చదివినవాళ్లు సాయంత్రంలోగా మీ పంప్ రూమ్ తలుపు తీసి, ఆ రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నాయేమో చూసి విడిగా పెట్టించండి.

ఇట్లు,
ఇళ్లల్లో స్విమ్మింగ్ పూల్స్ నిర్వహణ చూసే ఒక పాఠకుడు